మూత బిగించాకే సోడా

బుధవారం ఉదయం ఆరూ నలభైకి డయాలసిస్ గదిలోని తూకం మీద బ్యాటరీ మేస్త్రీ నిలబడ్డాడు. సోమవారం ఇంటికి వెళ్ళేటప్పటి బరువు కంటే నాలుగు కిలోల రెండు వందల గ్రాములు ఎక్కువ చూపించింది.

పెద్ద సిస్టర్ ఆ అంకె చూసి ఆయన్ని దిగమంది. చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కమంది.

"చెప్పులు రెండు వందల గ్రాములు. మిగతా నాలుగు కిలోలూ నీళ్ళే మేస్త్రీ గారూ. ఏ చెరువులో దిగారు?"

"నేను తాగలేదు సిస్టర్. రోజూ సీసా లెక్కే. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

భార్య గుమ్మం దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉంది. సంచిలో దుప్పటి, తువ్వాలు, రెండు రొట్టెలు ఉన్నాయి.

"నేనే సీసాతో కొలిచి ఇస్తున్నాను సిస్టర్," అంది. అది నిజమే.

మేస్త్రీకి మూత్రం రావడం ఆగిపోయి రెండేళ్ళయింది. తాగిన నీళ్ళు మిషన్ లాగేదాకా ఒంట్లోనే ఉంటాయి. మామూలుగా రెండు కిలోలతో వచ్చేవాడు. ఈ నెలలో మూడు, మూడున్నర, ఇప్పుడు నాలుగు. సిస్టర్ ఆయన చేతి మీద ఉబ్బిన నరం తడిమి రెండు సూదులు గుచ్చింది, గొట్టాలు తగిలించింది, మిషన్ మీద నాలుగు లీటర్లు తియ్యమని అంకె నొక్కింది.

పక్క కుర్చీలో లాయరు అప్పటికే పడుకుని ఉన్నాడు. ఆయన కోర్టు గడప ఎక్కిన మనిషి కాదు, చెప్పుల కొట్టు నడిపినవాడు. ప్రతిదానికీ వాదిస్తాడని సిస్టర్లు ఆ పేరు పెట్టారు.

"సాక్షిని చేసుకున్నావు సరే, తూకం ముందు సాక్ష్యం చెల్లదయ్యా," అన్నాడు. "తాగితే తాగానని ఒప్పుకో. శిక్ష తగ్గుతుంది."

"తాగలేదంటుంటే!"

"నేనూ అలాగే అంటాను. మా కోడలు ఫ్రిజ్జుకి తాళం వేసింది."

మూడో గంటలో మేస్త్రీ పిక్క పట్టేసింది. కాలు కొయ్యలా బిగిసింది. కేక వేశాడు. భార్య లోపలికి పరిగెత్తి పాదం పట్టుకుని వెనక్కి వంచింది. సిస్టర్ కుర్చీ వెనక్కి వాల్చి, బీపీ చూసి, నీళ్ళు లాగడం ఆపి, సెలైన్ ఇచ్చింది. బీపీ ఎనభై. ఆయన తువ్వాల్లోకి కక్కుకున్నాడు. పది నిమిషాలకు పిక్క వదిలింది. నాలుగు లీటర్లలో రెండున్నరే తీయగలిగారు.

"ఒకటిన్నర లోపలే మిగిలింది," అంది సిస్టర్. "శుక్రవారం దీని మీద ఇంకో నాలుగు వేసుకొస్తే గుండె తట్టుకోదు. పెద్దవాళ్ళు. మీకు నేను చెప్పాలా?"

మేస్త్రీ గోడ వైపు తిరిగాడు. భార్య తువ్వాలు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తువ్వాలు శుభ్రమయ్యాక కూడా పిండుతూనే ఉంది.

*

ఈ సంగతి రెండు నెలల కిందట మొదలైంది.

కిడ్నీలు పనిచేసేవాళ్ళ ఒంట్లో తిండి వల్ల తయారయ్యే ఆమ్లం మూత్రంలో పోతుంది. పనిచేయనివాళ్ళలో అది రక్తంలో పేరుకుంటుంది. అందుకని నెలకోసారి, ఒక బుధవారం, మిషన్ మొదలుపెట్టక ముందే సూదిలోంచి ఒక గొట్టం రక్తం తీసి లాబ్‌కి పంపుతారు. ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ అందులో ఎంత మిగిలిందో చూస్తారు. ఇరవై రెండుకు తగ్గకూడదు. ఆ నెల మేస్త్రీకి పదిహేడు వచ్చింది. అంతకు ముందు నెల పద్దెనిమిది.

డాక్టరు ఆ కాగితం చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడంటే మంచి మాట కాదని ఆ గదిలో అందరికీ తెలుసు.

"మీ రక్తంలో యాసిడ్ పెరుగుతోంది మేస్త్రీ గారూ. ఇలా ఉంటే కండ కరుగుతుంది, ఎముక అరుగుతుంది. మిషన్‌లో పెంచాల్సింది పెంచేశాను. సోడా టాబ్లెట్లు వాడుతున్నారా?"

"వాడుతున్నానండీ."

భార్య నేల చూసింది. ఆయన వాటిని వారం వాడి మానేశాడు. కడుపుబ్బరం, త్రేన్పులు. మిగతావి అలమరలో ఉన్నాయి.

"వాడుతున్నా ఇలా ఉందంటే ఇంకో నెల చూస్తాను. ఇరవై దాటకపోతే వారానికి నాలుగో రోజు పెట్టాల్సిందే. శనివారం."

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో మేస్త్రీ ఒక మాట అన్నాడు. గొంతు పెంచలేదు. "సోమ, బుధ, శుక్రవారాలు ఆ కుర్చీకిచ్చేశాను. ఆ సాయంత్రాలు ఎటూ పడుకోవడమే. మిగిలినవాటిలోనే కాస్త మనిషిలా ఉంటున్నాను. నాలుగో రోజంటే నేను వెళ్ళను. ఆ ఒక్క రోజే కాదు, అసలు వెళ్ళను. రాసిపెట్టుకో."

"ఏం మాటలండీ అవి?"

"చెప్పాను కదా."

ఆమె రాసిపెట్టుకోనక్కర్లేదు. ఒకప్పుడు అన్నగారి గడప తొక్కనన్నాడు. ఆ అన్నగారు పోయేదాకా తొక్కలేదు. డయాలసిస్ మానేసినవాళ్ళు ఎన్నాళ్ళుంటారో కూడా ఆమెకు తెలుసు. కిటికీ పక్క కుర్చీలో ఒక టీచరమ్మ ఉండేది. చాలిక అని మానేసింది. రెండో వారంలో ఆమె పోయిందని కబురొచ్చింది, ఆ కుర్చీలో కొత్త మనిషి కూర్చున్నాడు.

మర్నాడు ఆమె బ్యాటరీ దుకాణం తీసింది. ఆయనకు జబ్బు చేశాక పని ఆమె మీదే పడింది. ఆయన మంచి రోజుల్లో వచ్చి కుర్చీలో కూర్చుని చెబుతాడు, ఆమె చేస్తుంది. బ్యాటరీలు దించడం, మూతలు విప్పి గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, చూడడం, తగ్గిన గదుల్లో బ్యాటరీ నీళ్ళు, అంటే డిస్టిల్డ్ వాటర్, పోయడం, చార్జింగ్‌కి క్లిప్పులు తగిలించడం. ఆ రోజు ఒక లారీ బ్యాటరీ దించుతుంటే ఒరిగి యాసిడ్ నేల మీద ఒలికింది. గోడ పక్కన ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది. వంటసోడా. ఆమె గుప్పెడు తీసి చల్లింది. బుస్సుమని నురగ లేచింది. నురగ ఆగేదాకా చల్లింది. ఆగాక నీళ్ళు పోసి చీపురుతో ఊడ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ గచ్చు మీద ఆయన చేస్తుండగా చూసిన పనే అది.

నురగ ఆగిపోయిన చోట ఆమె కాసేపు చూస్తూ ఉండిపోయింది.

టాబ్లెట్లలో ఉన్నదీ సోడాయే, డబ్బాలో ఉన్నదీ సోడాయే. మింగను అన్నవాడికి చెప్పి పెడితే తినడు. ఆమె దుకాణం డబ్బా ముట్టుకోలేదు. కిరాణాకొట్లో కొత్త పొట్లం కొంది. ఆ సాయంత్రం రొట్టెల పిండిలో చెంచా సోడా వేసి కలిపింది. తర్వాత ఉదయం పిండిలోనూ వేసింది. నాలుగు రోజులు పోయాక తలకొట్టిన చెంచా కాస్తా పైకి పోగేసిన గుండు చెంచా అయింది.

"ఈమధ్య రొట్టెలు మెత్తగా వస్తున్నాయే," అన్నాడాయన. "పిండి మార్చావా?"

"మార్చాను."

నెల తిరిగింది. పరీక్షలో ఇరవై ఐదు వచ్చింది.

డాక్టరు ఆ రోజు కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు. "బాగుంది. టాబ్లెట్లు పట్టాయి. నాలుగో రోజు ప్రస్తుతానికి వద్దు." లాయరు తన కుర్చీలోంచి చప్పట్లు కొట్టబోయి, సూదులున్న చెయ్యి గుర్తొచ్చి, రెండో చేత్తో తొడ మీద కొట్టాడు. "క్లాసు ఫస్టు మా వాడు! చెల్లెమ్మా, ఏం పెడుతున్నావో మా కోడలికి కూడా కాస్త చెప్పు."

ఆమె నవ్వింది. ఆ సాయంత్రం కూడా గుండు చెంచా వేసింది.

బరువు పెరగడం ఆ నెలలోనే మొదలైంది.

*

పిక్క పట్టేసిన బుధవారం గడిచి గురువారం వచ్చింది. మధ్యాహ్నం దుకాణంలో బేరం లేదు. మేస్త్రీ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒక స్కూటర్ బ్యాటరీలో నీళ్ళు తగ్గాయని ఆమె వెనక గదిలోకి వెళ్ళి బ్యాటరీ నీళ్ళ క్యాను ఎత్తింది. తేలిగ్గా లేచింది. ఆ క్యాను సీలు సోమవారమే విప్పింది. అప్పట్నుంచి నీళ్ళు పోసిన బ్యాటరీలు మూడు. క్యాన్‌లో సగం లేదు.

క్యాను వెనకాల ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఇంట్లో గ్లాసు.

ఆమె గ్లాసు తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళు తెరిచి చూశాడు.

"అరుస్తావా?" అన్నాడు.

"లేదు."

"అరిచెయ్. నిన్న అంతమంది ముందు నీ మీద ప్రమాణం చేసినంత పనిచేశాను. యాభై ఏడేళ్ళొచ్చి నీళ్ళు దొంగతనం చేస్తున్నాను. అది కూడా ఎక్కడ, నా దుకాణంలో. బ్యాటరీలకి పోసే నీళ్ళు." ఆయన గ్లాసు పక్కకు జరిపాడు. "దప్పికే. ఇదివరకు ఇలా లేదు. సీసా అయిపోయాక నోట్లో ఇసక పోసినట్టుంటుంది. నాలుక అంగిటికి అతుక్కుంటుంది. పంతం పట్టి కూర్చుంటాను. గంట కూర్చుంటాను. తర్వాత కాళ్ళే తీసుకెళ్ళిపోతాయి. రెండేళ్ళు ఓర్చుకున్నవాణ్ణి. ఇప్పుడేం రోగమొచ్చిందో నాకే తెలీదు. మనిషిని దిగజారిపోయాను, అంతే."

"మీరేం దిగజారలేదు."

"మరి?"

ఆమెకు జవాబు ఉన్నట్టు అనిపించింది గానీ అదేమిటో పట్టు దొరకలేదు. గ్లాసు కడిగి సంచిలో వేసుకుంది. సాయంత్రం పిండి కలిపేటప్పుడు సోడా పొట్లం చేతిలోకి తీసుకుంది. వేసింది. ఎప్పుడూ వేసేంత వేయలేదు. సగం వేసింది.

శుక్రవారం ఉదయం ఆటో దిగి మెట్లెక్కుతుంటే ఆయనకు ఆయాసం వచ్చింది. రెండుసార్లు ఆగాడు. కుర్చీలో వెనక్కి వాలలేకపోయాడు. కూర్చుంటేనే ఊపిరి అందుతోంది. సిస్టర్ ఆక్సిజన్ పెట్టి, మిషన్ తగిలించి, నెమ్మదిగా లాగేలా అంకెలు మార్చింది. ఆ తర్వాత భార్యను వరండాలోకి పిలిచింది.

"అక్కా, నిజం చెప్పు. నేనేం కొట్టను. నీళ్ళు ఎక్కడ తాగుతున్నారు?"

"దుకాణంలో. నిన్ననే తెలిసింది. దప్పిక ఆగట్లేదంటున్నారు సిస్టర్. ఇదివరకు ఇలా లేదు."

"ఉత్తినే దప్పికేయదు. ఉప్పు పెరిగితే వేస్తుంది. ఏం తింటున్నారు?"

"ఇంట్లో ఉప్పు డబ్బాయే లేదు. ఆయనకు లేదని నేనూ మానేశాను."

"ఉప్పంటే ఉప్పు డబ్బాలో ఉన్నదొకటే కాదు అక్కా. బిస్కెట్లలో ఉంటుంది, కొన్ని మందుల్లో ఉంటుంది, వంటసోడాలో ఉంటుంది. బేకరీవి ఏమన్నా పెడుతున్నావా?"

ఆమె గోడకు ఆనుకుంది.

"సోడాలో ఎందుకుంటుంది? అది చప్పగా ఉంటుంది కదా."

"చప్పగా ఉన్నా లోపలికెళ్ళి చేసే పని ఉప్పు పనే. నీళ్ళు అడుగుతుంది."

వరండా చివర ఒకతను నేల తుడుస్తున్నాడు. అతను తడిగుడ్డతో వీళ్ళ దగ్గరికి వచ్చి, కాళ్ళు తీయమని, తుడుచుకుని వెళ్ళాడు. ఆమెకు ఆ కాసేపట్లో రెండు విషయాలు తెలిశాయి. చెప్పకపోతే ఆయన గుండె ఆగుతుంది. చెబితే ఇరవై ఐదు అబద్ధమవుతుంది, శనివారం వస్తుంది, ఆయన మానేస్తాడు.

"సిస్టర్," అంది. "ఆ టాబ్లెట్లు ఆయన వేసుకోవట్లేదు. నేను పిండిలో సోడా కలుపుతున్నాను. పూటకో చెంచా. గుండు చెంచా."

"ఎన్నాళ్ళుగా?"

"పదిహేడు వచ్చిన దగ్గర్నుంచి."

సిస్టర్ లోపలికి వెళ్ళి ఫోన్ చేసింది. డాక్టరు అరగంటలో వచ్చాడు. ఆయన వేరే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన మనిషి. చొక్కా నలిగి ఉంది. వరండాలో బెంచీ మీద ఆమె పక్కనే కూర్చున్నాడు.

"టాబ్లెట్‌లో ఉన్నదీ అదే సోడా అమ్మా. కాదనను. కానీ అది ఎంత వెళ్తోందో నాకు తెలుస్తుంది, దాన్ని బట్టి మిగతావి చూసుకుంటాను. మీ చెంచా నాకు తెలీదు కదా. ఇరవై ఐదు చూసి నేను సంతోషించాను. నీళ్ళు చూసి ఆయన్ని తిట్టాను. రెండూ ఒకే పొట్లంలోంచి వచ్చాయి." కళ్ళు నులుముకున్నాడు. "ఇవాళ్టి నుంచి ఆపేయండి. బుధవారం మళ్ళీ రక్తం తీస్తాం. అప్పుడొచ్చేదే అసలు అంకె. టాబ్లెట్ల సంగతి నేను ఆయనతో మాట్లాడతాను. సోడా సంగతి ఆయనకు ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను."

*

ఆ మధ్యాహ్నం ఇంట్లో చెప్పింది. ఆయన మంచం మీద ఉన్నాడు. ఊపిరి కుదుటపడింది. ఆమె నిలబడి మొదట్నుంచీ చెప్పింది. లారీ బ్యాటరీ ఒలికిన సంగతి, నురగ, చెంచా, ఇరవై ఐదు. ఆయన మధ్యలో అడ్డు రాలేదు.

"అంటే నా దప్పిక నాది కాదన్నమాట," అన్నాడు చివరికి.

"కాదు."

"నెల రోజులుగా నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఎవరి ఖాతాలో వేయను?"

"నా ఖాతాలో వేయండి."

ఆయన లేచి కూర్చున్నాడు. "పద్దెనిమిదేళ్ళు నా దుకాణంలో ఉండి నువ్వు నేర్చుకున్నది ఇదా? నేల మీద ఒలికితే సోడా చల్లుతాం. బ్యాటరీ పైన తడుంటే చల్లుతాం. చల్లే ముందు ఏం చేస్తాం?"

ఆమె దుప్పటి అందుకుని మడత పెట్టసాగింది.

"ఏం చేస్తాం? చెప్పు."

"మూతలు బిగిస్తాం."

"ఎందుకు?"

"లోపలికి పోతే బ్యాటరీ చచ్చిపోతుంది."

"తెలుసు కదా మరి! తెలిసే చేశావా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు..." దగ్గు వచ్చింది. ఆమె సీసా మూత తీసి ఇచ్చింది. ఒక గుక్క తాగి తిరిగి ఇచ్చాడు. ఆమె మూత పెట్టింది.

ఆ సాయంత్రం రొట్టెలు గట్టిగా వచ్చాయి. ఆయన తిన్నాడు.

సోమవారం మూడు కిలోలతో వెళ్ళాడు. బుధవారం రెండు కిలోల మూడు వందలతో. సిస్టర్ మిషన్ మొదలుపెట్టక ముందే గొట్టం నింపి పేరు అంటించింది. లాయరు ఒక కన్ను తెరిచి, "ఏమయ్యా క్లాసు ఫస్టూ, మళ్ళీ పరీక్ష రాయిస్తున్నారేం? కాపీ కొట్టి దొరికావా?" అన్నాడు. మేస్త్రీ భార్య వైపు చూశాడు. "దొరికాం," అన్నాడు.

గురువారం సాయంత్రం ఫోన్ వచ్చింది. పద్దెనిమిది.

శుక్రవారం డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టాబ్లెట్లు తిండి తర్వాత, విడదీసి, తక్కువతో మొదలుపెట్టమన్నాడు. వాటిలోని సోడా కూడా ఉప్పు పనే చేస్తుందని, అవి వేసుకుంటే నీళ్ళ మీద కన్నుండాలని చెప్పాడు. వాటితోనే సరిపోదన్నాడు. రేపటి నుంచి శనివారం కుర్చీ ఖాళీ ఉందన్నాడు. "ఒక నెల చూద్దాం. యాసిడ్ తగ్గితే తీసేస్తాను. మాటిస్తున్నాను."

మేస్త్రీ వింటున్నట్టు తలూపాడు. వస్తాననలేదు, రాననలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది. ఆయన రోడ్డు చూస్తూ అడిగాడు.

"రేపు నేను వెళ్ళకపోతే ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను. మళ్ళీ ఇంకేదో కలుపుతాను."

"ఏం కలుపుతావు?"

"ఏమో. నాకేం తెలుసు? తెలిసిందల్లా కలుపుతాను. ఊరుకోవడం నాకు రాదు."

ఆటో డ్రైవరు అద్దంలోంచి చూశాడు. మేస్త్రీ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆమె తిరిగి చూడలేదు. పచ్చ సిగ్నల్ పడింది. ఆటో కదిలింది.

శనివారం ఉదయం ఆమె లేచేసరికి ఆయన పక్కమీద లేడు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆమె లేపకుండానే లేచాడు. పిండి కలిపింది. రెండు రొట్టెలు కాల్చి సంచిలో పెట్టింది. దుప్పటి పెట్టింది. దుకాణం తాళాలు కూడా పెట్టింది, అటు నుంచి అటే వెళ్ళాల్సివస్తుందేమోనని.

ఆయన బయటికొచ్చాడు. సూదులకని ఎడమ చెయ్యి మోచేతి దాకా మడవడానికి వీలుండే చొక్కా వేసుకున్నాడు.

శనివారం గదిలో ఉండేవాళ్ళు వేరే. ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. తలుపు పక్క కుర్చీ ఇచ్చారు. డ్యూటీలో ఉన్న సిస్టర్ కొత్తమ్మాయి. నరం ఎక్కడుందో తడుముతుంటే ఆయన వేలు పెట్టి చూపించాడు.

ఏడూ పదికి మొదటి సూది గుచ్చింది. ఏడూ ఇరవైకి మిషన్ మొదలైంది.